కెమెరా బ్యాటరీ ఎంపిక: డబ్బా మీది ఎంఏహెచ్ అంకెను ఎంతవరకు నమ్మాలి?

క్లుప్తంగా: పెన్సిల్ సెల్స్‌తో (ఏఏ సైజు) నడిచే కెమెరాలకు, ఫ్లాష్‌లకు 2000 ఎంఏహెచ్ దరిదాపుల్లో ఉండి, చార్జిని నెలల తరబడి నిలుపుకునే రకం రీచార్జబుల్ నికెల్ సెల్స్ మేలు. ఎంఏహెచ్ అంటే మిల్లీఆంపియర్-అవర్, సెల్‌లో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత. ఒక్కో సెల్‌ను విడిగా గమనించి, నిండగానే ఆగే చార్జర్ లేకపోతే మంచి సెల్ కూడా తొందరగా నీరసిస్తుంది. లిథియం ప్యాక్ వాడే కెమెరాల్లో ఆకారం కలిస్తే చాలదు, మోడల్ పేరు చివరి అక్షరం కూడా చూడాలి.

యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబరు 28 నుంచి మార్కెట్లోకి వచ్చే కొత్త ఫోన్లు, ట్యాబ్లెట్లతో పాటు డిజిటల్ కెమెరాలకూ యూఎస్‌బీ-సీ పోర్టు తప్పనిసరి అయింది. చార్జర్ వద్దనుకునేవాళ్లకు అది లేకుండానే వస్తువు అమ్మాలని కూడా ఆ చట్టం చెబుతోంది. అప్పటికే చాలా కంపెనీలు విడి చార్జర్ మానేసి, కెమెరాలోనే కేబుల్ గుచ్చుకోమనే దారి పట్టాయి. దాంతో ఒకప్పుడు డబ్బాతో పాటే వచ్చిన చార్జర్‌ను ఇప్పుడు కొనేవాళ్లే వెతుక్కోవాల్సి వస్తోంది.

ఇంకోవైపు పదిహేనేళ్ల కిందటి చిన్న డిజిటల్ కెమెరాలు బీరువాల్లోంచి మళ్లీ బయటికొస్తున్నాయి. ఆ ఫొటోల రంగు కుర్రకారుకు నచ్చుతోంది. వాటిలో చాలావరకు పెన్సిల్ సెల్స్‌తో నడిచేవే. వీధి చివర షాపులో కొత్త సెల్స్ తెచ్చి వేయగానే కెమెరా ఆన్ అవుతుంది, కాసేపటికే బ్యాటరీ అయిపోయిందంటుంది. కెమెరా పాడైందనుకుని చాలామంది అక్కడితో వదిలేస్తారు. తప్పు ఎక్కువసార్లు కెమెరాది కాదు.

## కొత్త సెల్స్ వేసినా ఎందుకు ఆగిపోతుంది

సెల్ లోపల ఎంత విద్యుత్తు దాగి ఉందన్నది ఒక సంగతి. అడిగినంత వేగంగా దాన్ని బయటికి ఇవ్వగలదా అన్నది వేరే సంగతి. గోడ గడియారానికి, టీవీ రిమోట్‌కు రెండో గుణంతో పనే లేదు, అవి చుక్క చుక్కగా తాగుతాయి. కెమెరా అలా కాదు. లెన్స్ బయటికి రావాలి, స్క్రీన్ వెలగాలి, ఫ్లాష్ నిండాలి. ఆ క్షణాల్లో అది ఒక ఆంపియర్, కొన్నిసార్లు అంతకు మించి లాగుతుంది.

ప్రతి సెల్‌కూ లోపల కొంత నిరోధం ఉంటుంది. కొత్త ఆల్కలైన్ ఏఏ సెల్‌లో, అంటే షాపుల్లో దొరికే వాడి పారేసే రకంలో, అది సుమారు 0.15 నుంచి 0.3 ఓమ్‌లు. ఒక ఆంపియర్ లాగితే 0.15 నుంచి 0.3 వోల్టులు సెల్ లోపలే ఖర్చయిపోతాయన్నమాట. పైగా వాడేకొద్దీ ఆల్కలైన్ సెల్ సొంత వోల్టేజీ దిగుతూ పోతుంది, నిరోధం పెరుగుతూ పోతుంది. ఇక ఇవ్వలేనంత కిందికి వోల్టేజీ పడిందని కెమెరా గుర్తించి ఆగిపోతుంది. లోపల సగానికి పైగా సరుకు మిగిలి ఉన్నా సరే. కెమెరా వద్దన్న అవే సెల్స్ రిమోట్‌లో వేస్తే నెలల తరబడి పనిచేయడానికి కారణం ఇదే.

ట్రాన్సిస్టర్ రేడియోల కాలంలో నీరసించిన సెల్స్‌ను ఎండలో పెట్టి మళ్లీ వాడుకునేవారు. వేడికి లోపలి రసాయన చర్య చురుకై, నిరోధం కాస్త తగ్గి, మిగిలిన సరుకు కొంత బయటికి వచ్చేది. మంత్రమేమీ లేదు, కొత్త చార్జి కూడా ఏమీ చేరేది కాదు.

నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్‌లో, అంటే మామూలుగా రీచార్జబుల్ పెన్సిల్ సెల్ అనేదానిలో, లోపలి నిరోధం ఆల్కలైన్‌తో పోలిస్తే చాలా తక్కువ. మంచి సెల్‌లో 0.03 ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. అదే ఒక ఆంపియర్‌కు ఇక్కడ పోయేది 0.03 వోల్టులే. తేడా ఎంతో కంపెనీల లెక్కల్లోనే కనబడుతుంది. 2010లో వచ్చిన కానన్ పవర్‌షాట్ ఎస్‌ఎక్స్130 ఐఎస్‌కు రెండు ఏఏ సెల్స్ పడతాయి. ఆల్కలైన్‌తో సుమారు 130 ఫొటోలు, నికెల్ సెల్స్‌తో సుమారు 370 అని కంపెనీ చెప్పింది. నాలుగు సెల్స్ పట్టే నికాన్ కూల్‌పిక్స్ బీ500కు (2016) ఆ అంకెలు సుమారు 600, 750. ఇక్కడ తేడా తగ్గడానికి బరువును నాలుగు సెల్స్ పంచుకోవడం ఒక కారణం. ఒక్కో సెల్ మీద ఒత్తిడి తగ్గితే ఆల్కలైన్ కూడా ఫరవాలేదనిపిస్తుంది. రెండు సెల్స్ కెమెరా ఉన్నవాళ్లకు మాత్రం ఆల్కలైన్ శుద్ధ దండగ.

## 1.2 వోల్టులంటే తక్కువ కదా?

షాపులో ఎక్కువగా వచ్చే అనుమానం ఇదే. ఆల్కలైన్ మీద 1.5 అని, రీచార్జబుల్ మీద 1.2 అని రాసి ఉంటుంది. కెమెరాకు 1.5 కావాలేమో, 1.2తో సరిగ్గా పనిచేయదేమో అనిపిస్తుంది.

ఆ 1.5 అన్నది కొత్త సెల్, అదీ ఏ పనీ చేయనప్పటి అంకె. పని మొదలవగానే జారుతుంది. ఆల్కలైన్ సెల్స్‌ను డిజిటల్ కెమెరా వాడకానికి పరీక్షించే ప్రామాణిక పద్ధతి ఒకటుంది. అందులో సెల్ వోల్టేజీ 1.05కి పడితే పరీక్ష ముగిసినట్టు. అంటే కెమెరా అక్కడిదాకా తట్టుకుంటుందనే లెక్క. నికెల్ సెల్ తన చార్జిలో ఎక్కువ భాగం 1.2 దగ్గరే నిలకడగా ఉండి, చివర్లో గభాలున పడిపోతుంది. కాబట్టి సగటున చూస్తే కెమెరాకు అందే వోల్టేజీ నికెల్‌తోనే మెరుగ్గా ఉంటుంది.

ఈ నిలకడ వల్ల ఒక చిక్కు కూడా ఉంది. వోల్టేజీ చూసి బ్యాటరీ గీతలు చూపించే కెమెరా నికెల్ సెల్స్‌తో తికమకపడుతుంది. నిండుగా ఉన్నప్పుడే సగం అనవచ్చు, చివరిదాకా ఏమీ చెప్పక ఉన్నట్టుండి ఆరిపోవచ్చు. నికాన్ కూల్‌పిక్స్ ఎల్ సిరీస్ లాంటి వాటి మెనూలో బ్యాటరీ రకం ఎంచుకునే సెట్టింగ్ ఉండేది అందుకే. అది ఆల్కలైన్ మీదే ఉండిపోతే గీతల్ని నమ్మలేం.

## వాడకపోయినా తరిగిపోయే చార్జి

నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్‌కు తొలి రోజుల్లో చెడ్డపేరు వచ్చింది, అది ఊరికే రాలేదు. పండక్కి చార్జి చేసి బ్యాగులో పెట్టుకుంటే, పెళ్లిళ్ల సీజన్ నాటికి ఏమీ మిగిలేది కాదు. ఈ లక్షణాన్ని స్వీయ డిశ్చార్జి అంటారు. పాతరకం సెల్స్ మొదటి నెలలోనే 20 నుంచి 30 శాతం దాకా పోగొట్టుకునేవి. ఎప్పుడో ఒకసారి కెమెరా తీసే ఇంట్లో అది పనికొచ్చే వస్తువు కాదు.

2005 నవంబరులో జపాన్ కంపెనీ సాన్యో ఎనెలూప్ పేరుతో సెల్స్ తెచ్చాక పరిస్థితి మారింది. లోపలి లోహ మిశ్రమాన్ని, రెండు ధ్రువాల మధ్య ఉండే పొరను మెరుగుపరిచి, ఏడాది తర్వాత కూడా 85 శాతం నిలుస్తుందని చెప్పింది. ఆ తర్వాత సాన్యోను పానాసోనిక్ తీసుకుంది. పదేళ్ల తర్వాత కూడా 70 శాతం మిగులుతుందన్నది ఇప్పుడు ఆ కంపెనీ మాట. వేరే కంపెనీలూ ఇదే బాట పట్టాయి. డబ్బా మీద ‘ప్రీ-చార్జ్‌డ్’ అనో ‘రెడీ టు యూజ్’ అనో ఉంటే చాలావరకు ఈ రకమే. చార్జి నిలవని సెల్‌ను ఫ్యాక్టరీలో నింపి నెలల తర్వాత అమ్మడం కుదరదు కదా.

## 2000, 2500, 4000: ఏ అంకె నిజం

ఏఏ సెల్ డబ్బా కొలత అందరికీ ఒకటే. 14.5 మిల్లీమీటర్ల మందం, 50.5 మిల్లీమీటర్ల పొడవు. అందులో పట్టే రసాయనానికి హద్దు ఉంది. నికెల్ మెటల్ హైడ్రైడ్‌లో పేరున్న కంపెనీలు చేరుకున్న గరిష్ఠం 2700, 2800 ఎంఏహెచ్ ప్రాంతం. 3000 దాటిన ఏ నికెల్ ఏఏ సెల్‌నైనా అనుమానించాల్సిందే. ఆన్‌లైన్‌లో 4000, 5000 అని కనిపించేవి రాసుకున్న అంకెలే తప్ప కొలిచినవి కావు. వంటింటి డిజిటల్ తూకం ఉంటే ఒక సులువు పరీక్ష చేయొచ్చు. మంచి 2000 ఎంఏహెచ్ సెల్ 26, 27 గ్రాములు తూగుతుంది. 2500ది 30 గ్రాముల దాకా ఉంటుంది. నాలుగు వేలని రాసుకుని 20 గ్రాములు కూడా లేని సెల్‌లో ఏముందో ఊహించుకోవచ్చు.

నిజాయతీగా 2500 ఇచ్చే సెల్స్ ఉన్నాయి. కానీ అదే డబ్బాలో ఎక్కువ సరుకు కుక్కాలంటే పొరలు పలచబడాలి, వాటి ఆయువు తగ్గుతుంది. పానాసోనిక్ సొంత లెక్కలే చూస్తే, మామూలు ఎనెలూప్‌కు 2100 సార్లు చార్జి చేయొచ్చని, 2500 ఎంఏహెచ్ రకానికి 500 సార్లని రాసుకుంది. ఇవి ప్రయోగశాల అంకెలు, ఇంట్లో అంత రావు. నిష్పత్తి మాత్రం గమనించదగ్గది. నాలుగోవంతు ఎక్కువ ఫొటోల కోసం నాలుగో వంతు ఆయువుతో సరిపెట్టుకోవడం పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు లాభమే కావచ్చు, మధ్యలో సెల్స్ మార్చే తీరిక అతనికి ఉండదు. ఇంటి వాడకానికి 2000 రకం రెండు సెట్లు కొనుక్కోవడమే తెలివైన లెక్క.

ఈమధ్య 1.5 వోల్టుల లిథియం రీచార్జబుల్ పెన్సిల్ సెల్స్ కూడా వస్తున్నాయి. లోపల 3.7 వోల్టుల లిథియం సెల్, దాన్ని 1.5కి దించే చిన్న సర్క్యూట్ ఉంటాయి. చివరిదాకా 1.5 ఇస్తూ ఒక్కసారిగా ఆగిపోతాయి, కెమెరాకు ముందస్తు సూచన ఉండదు. ఫ్లాష్ ఒక్కసారిగా ఎక్కువ లాగినప్పుడు ఆ సర్క్యూట్ తట్టుకుంటుందో లేదో సెల్‌ను బట్టి మారుతుంది. వీటిని నికెల్ చార్జర్‌లో పెట్టకూడదు. అసలు ప్రమాదం వీటి పక్కనే అమ్మే 14500 రకంతో ఉంది. చూడటానికి అచ్చం పెన్సిల్ సెల్, వోల్టేజీ మాత్రం 3.7. రెండు వేస్తే మూడు వోల్టుల కెమెరాకు ఏడు వోల్టులకు పైగా అందుతుంది. తర్వాత రిపేరు షాపే గతి.

## సెల్ ఆయువు చార్జర్ చేతిలో

కొనేటప్పుడు సెల్స్ మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా చార్జర్ మీద పెట్టరు. సెల్స్‌తో పాటు ఉచితంగా వచ్చిందో, ఇంట్లో పాతది ఉందో చూసి సరిపెట్టుకుంటారు. నికెల్ సెల్స్ ఆయువు తీరకముందే పోవడానికి మామూలు కారణం ఆ చార్జరే.

నికెల్ సెల్‌కు చార్జి ఎక్కేటప్పుడు చాలాసేపు చల్లగానే ఉంటుంది. నిండాక ఇంకా తోస్తే ఆ విద్యుత్తుకు దాక్కునే చోటు దొరకదు. లోపల ఆక్సిజన్ పుట్టి, మళ్లీ కలిసిపోతూ, మొత్తం వేడిగా మారుతుంది. సెల్ వేడెక్కుతుంది, అదే సమయంలో దాని వోల్టేజీ పైకి పోవడం ఆగి కొన్ని మిల్లీవోల్టులు కిందికి వంగుతుంది. ఆ చిన్న వంపును పట్టుకుని ఆగేదే మంచి చార్జర్. డబ్బా మీద దీన్ని ‘మైనస్ డెల్టా వీ’ అంటారు. వేడిని గమనించే సెన్సర్ కూడా ఉంటే మరీ మంచిది, ఒకటి తప్పినా రెండోది కాపాడుతుంది.

చవక చార్జర్లలో ఈ గమనింపు ఉండదు. కొన్నిటిలో ఏమీ ఉండదు, తీసేవరకూ తోస్తూనే ఉంటాయి. కొన్నిటిలో టైమర్ ఉంటుంది, పెట్టిన గంటలు అవగానే పచ్చ లైటు వెలుగుతుంది. ఆ పచ్చ లైటుకు అర్థం గడువు అయిందనే, సెల్ నిండిందని కాదు. సగం చార్జి ఉన్న సెల్ పెట్టినా అది మొత్తం గంటలూ తోస్తుంది. మన ఊళ్లలో దీనికి కరెంటు కోత కూడా తోడవుతుంది. మధ్యలో కరెంటు పోయి వస్తే చాలా టైమర్ చార్జర్లు లెక్క మళ్లీ మొదటినుంచి పెడతాయి. రెండుసార్లు పోయి వస్తే నిండిన సెల్ మళ్లీ మళ్లీ ఉడుకుతుంది.

జతల సమస్య దీనికి తోడు. చాలా చార్జర్లు సెల్స్‌ను రెండేసి కలిపి ఒకే వరసలో నింపుతాయి. ఒకటి సగం నిండినది, ఒకటి ఖాళీది పెడితే మొదటిది పొంగిపోతుంది, రెండోది నిండదు. ఆ జతను కెమెరాలో వేస్తే బలహీనమైనది ముందే ఖాళీ అవుతుంది, బలంగా ఉన్నవి దాన్ని ఉల్టా దిశలో తోస్తాయి. దాంతో ఆ సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది. ఒక్కో గడికి ఒక్కో లైటు ఉండి, ఒకే సెల్ పెట్టినా పనిచేసే చార్జర్ అయితే ఈ బెడద ఉండదు. సెల్స్ మీద మార్కర్‌తో 1, 2 అని సెట్ల వారీగా రాసుకుని, ఎప్పుడూ కలిసే వాడటం పైసా ఖర్చు లేని జాగ్రత్త.

వేగం విషయంలో రెండు కొసలూ మంచివి కావు. 2000 ఎంఏహెచ్ సెల్‌ను 200 మిల్లీఆంపియర్లతో నింపితే 14 నుంచి 16 గంటలు పడుతుంది. అంత నెమ్మదిగా పోతే ఆ చివరి వంపు కంటికి ఆనదు, అందుకే అలాంటి చార్జర్లు టైమర్ మీద ఆధారపడతాయి. గంటలోపే నింపేస్తామనేవి సెల్స్‌ను కాలేలా చేస్తాయి. ఒక్కో సెల్‌కు 500 నుంచి 1000 మిల్లీఆంపియర్లు ఇచ్చేదైతే రెండున్నర నుంచి ఐదు గంటల్లో పని అవుతుంది. మే నెలలో పల్నాడు, రామగుండం లాంటి చోట్ల మధ్యాహ్నం గదే 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు రాత్రి పూట చార్జి పెట్టడమే మంచిది.

మొత్తం అయిపోయాకే చార్జి పెట్టాలన్న నమ్మకం నికెల్ కాడ్మియం కాలం నాటిది. మెమరీ ఎఫెక్ట్ అనేది ఆ సెల్స్‌కు ఉండేది. ఇప్పటి నికెల్ సెల్స్‌లో అది నామమాత్రం. లిథియానికైతే పూర్తిగా ఖాళీ చేయడమే చేటు.

## లిథియం ప్యాక్‌లు: ఆకారం ఒకటే, అక్షరం వేరు

డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉన్నవి), మిర్రర్‌లెస్ (అద్దం లేనివి) కెమెరాల్లో దాదాపు అన్నిటికీ లిథియం అయాన్ ప్యాకే. సోనీ 1991లో మొదటిసారి మార్కెట్లోకి తెచ్చిన సాంకేతికత ఇది. పెద్ద కెమెరా ప్యాక్‌లో సాధారణంగా రెండు సెల్స్ వరసగా ఉంటాయి, అందుకే మీద 7.2 వోల్టులని కనిపిస్తుంది. వోల్టేజీ వేరైన చోట ఎంఏహెచ్‌లు పోల్చి లాభం లేదు, వాట్-అవర్ చూడాలి, అంటే ఎంఏహెచ్‌ను వోల్టులతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే వచ్చే అంకె. 2000 ఎంఏహెచ్ పెన్సిల్ సెల్స్ నాలుగు కలిస్తే 9.6 వాట్-అవర్లు. కానన్ ఎల్‌పీ-ఈ17 మీద ఉన్నది 1040 ఎంఏహెచ్చే అయినా 7.2 వోల్టుల లెక్కన 7.5 వాట్-అవర్లు వస్తాయి. సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 అయితే 16.4.

కొనేవాళ్లు ఎక్కువగా తడబడేది చివరి అక్షరాల దగ్గర. నికాన్ ఈఎన్-ఈఎల్15 కుటుంబంలో అన్నీ ఒకే ఆకారం. కానీ జెడ్6, జెడ్7 లాంటి కెమెరాల్లో కేబుల్‌తో లోపలే చార్జి అయ్యేవి 15బీ, 15సీ మాత్రమే. పాత 15, 15ఏ పనిచేస్తాయి గానీ వాటికి విడి చార్జర్ ఉండాల్సిందే. కానన్‌లో మొదటితరం ఎల్‌పీ-ఈ6 కథా అంతే, ఈఓఎస్ ఆర్‌లో కేబుల్‌తో నిండేది ఎల్‌పీ-ఈ6ఎన్ నుంచి. 2024లో వచ్చిన ఆర్5 మార్క్ 2తో ఎల్‌పీ-ఈ6పీ ఇచ్చారు. దాని 2130 ఎంఏహెచ్ అంతకుముందు రకంతో సమానమే, కరెంటు మాత్రం ఎక్కువ ఇవ్వగలదు. పాతది వేస్తే కెమెరా కొన్ని సౌకర్యాలను ఆపేస్తుంది. పెన్సిల్ సెల్స్ దగ్గర చెప్పుకున్న సంగతే ఇక్కడా: నిల్వ ఒకటే అయినా ఇచ్చే వేగం వేరు.

ఒక ప్యాక్‌తో ఎన్ని ఫొటోలన్న అంకె జపాన్ కెమెరా కంపెనీల సంఘం సీఐపీఏ పద్ధతి నుంచి వస్తుంది. ముప్పై సెకన్లకొక ఫొటో, కెమెరాలోనే ఫ్లాష్ ఉంటే ఫొటో విడిచి ఫొటోకు ఫ్లాష్, మధ్యమధ్యలో ఆఫ్ చేసి ఆన్ చేయడం. అలా ఎవరూ ఫొటోలు తీయరు, అయినా అందరికీ ఒకే కొలమానం ఉండటం పోల్చడానికి పనికొస్తుంది. అద్దం ఉన్న నికాన్ డీ850కి 1840, అద్దం లేని తొలి సోనీ ఏ7కు 340 అని రావడానికి కారణం రెండో దానిలో సెన్సర్, స్క్రీన్ ఎప్పుడూ వెలుగుతూ ఉండటం. పెద్ద ప్యాక్ పెట్టాక ఏ7-3కి అది 710కి చేరింది. గబగబా వరసగా తీస్తే ఈ అంకెల కంటే చాలా ఎక్కువే వస్తాయి. వీడియో తీస్తే ఈ లెక్క పనికిరాదు.

కెమెరాలోనే చార్జి చేస్తే ఖర్చు మిగులుతుంది, కానీ ఆ సేపు కెమెరా కదలదు. రెండు ప్యాక్‌లు ఉన్నవాళ్లకు విడి చార్జర్ అవసరమే. లిథియం సెల్‌కు 4.2 వోల్టుల దగ్గర కచ్చితంగా ఆగాలి, రెండు సెల్స్ ప్యాక్‌కు 8.4. మొదట స్థిరమైన కరెంటుతో నింపి, ఆ హద్దు చేరాక కరెంటు తగ్గించుకుంటూ పోతారు. చివరి ఇరవై శాతానికి ఎక్కువసేపు పట్టేది అందుకే. పిన్నులు జరుపుకుని ఏ ఫోన్ బ్యాటరీకైనా తగిలించే పాత యూనివర్సల్ చార్జర్లు ఒక్క సెల్ కోసం చేసినవి, కెమెరా ప్యాక్‌లకు పనికిరావు.

వేరే కంపెనీల ప్యాక్‌లు సగం ధరకే దొరుకుతాయి. మంచివి ఉన్నాయి, అంకె పెంచి రాసినవీ ఉన్నాయి. కెమెరాతో మాట్లాడే చిప్ సరిగా లేకపోతే శాతం కనబడదు, లేదా కెమెరా అసలు ఒప్పుకోదు. 2009లో పానాసోనిక్ భద్రతా కారణాలు చెప్పి, ఒక ఫర్మ్‌వేర్ (కెమెరాను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో కొన్ని లుమిక్స్ కెమెరాల్లో ఇతరుల బ్యాటరీలు పనిచేయకుండా చేసింది. అప్‌డేట్ చేసిన మర్నాడు పెళ్లికి వెళ్లేవాళ్లు దగ్గరున్న ప్యాక్‌లు ముందే వేసి చూసుకోవడం మంచిది. భారత్‌లో అమ్మే రీచార్జబుల్ సెల్స్‌కు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ప్యాక్ మీద ఐఎస్ 16046 అని, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. అది కెపాసిటీకి హామీ కాదు, భద్రతా పరీక్షలకు మాత్రమే. అయినా అది కూడా లేనిదాన్ని కొనడానికి ధర ఒక్కటే కారణం కాకూడదు.

## ప్రయాణం, నిల్వ, పారేయడం

విమానంలో విడి లిథియం ప్యాక్‌లు చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు, చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్లలోపు వాటికి అనుమతి అక్కర్లేదు, చాలా కెమెరా ప్యాక్‌లు అందులో ఆరోవంతు కూడా ఉండవు కాబట్టి బెంగ లేదు. లోహపు కొసలు ఒకదానికొకటి తగలకుండా టేపు వేస్తే చాలు.

నెలల తరబడి వాడనప్పుడు లిథియం ప్యాక్‌ను నిండుగా ఉంచకుండా సగం చార్జితో చల్లటి చోట పెట్టాలి. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద ఒక్క వేసవి గడిపిన ప్యాక్ ఎంత నష్టపోతుందో లెక్క కట్టడం కష్టం. ఉబ్బిన ప్యాక్‌ను మళ్లీ చార్జి పెట్టకూడదు. పెన్సిల్ సెల్స్‌నైతే కెమెరాలోంచి తీసి పెట్టడమే మేలు, ఆల్కలైన్ సెల్స్ కారి కెమెరా లోపలి స్ప్రింగులను తినేస్తాయి.

2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఇలాంటి చిన్న బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది, ఇంటి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాల్సిన బాధ్యత వాడేవాళ్లది. అంతవరకూ తొందర లేదు. కెమెరా ఇక చాలన్న నికెల్ సెల్ గోడ గడియారంలో ఇంకో రెండు మూడేళ్లు తిరుగుతుంది.